ముప్పై రెండో పేజీ

ఎక్కడ బోర్లించిన కంచం కనబడినా రత్నమాణిక్యం చేయి దాని దగ్గర ఆగుతుంది. తిరగేస్తుంది. వెల్లకిలా పెట్టి తన దారిన పోతుంది. ఎవరి ఇల్లు, ఎవరి కంచం అని చూడదు. అరుగు మీద నీళ్లు కారడానికి పెట్టినవి, పెళ్లిళ్లలో వంటవాళ్లు దొంతరగా పేర్చినవి, ఆసుపత్రి మంచం కింద ఎవరో మరిచిపోయినది. ఒకసారి తాడేపల్లిగూడెం స్టేషన్లో ఒక ముసలివాడు పక్కన కంచం బోర్లించుకుని పడుకున్నాడు. ఆమె వంగింది. రూపాయి వేస్తుందనుకుని అతను లేచి కూర్చున్నాడు. ఆమె కంచం తిప్పి, రూపాయి సంగతి మరిచి రైలెక్కేసింది.

"టీచరు గారు మా వంటింట్లోకి వచ్చి వెళ్లారంటే ఎవరూ చెప్పక్కర్లేదండీ. కంచాలన్నీ పైకప్పు చూస్తుంటాయి," అంటుంది ఇంటివారి కోడలు ఉషశ్రీ. "వాటిలో బొద్దింకలు తిరుగుతాయండీ. మళ్లీ కడుక్కోవాలి."

"కడుక్కో అమ్మా. నీళ్లకేమన్నా కరువా?"

"నీళ్లకి కాదండీ. నాకు ఓపిక్కి."

ఎందుకలా చేస్తారని అడిగితే రత్నమాణిక్యం ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతుంది. ఉషశ్రీకి వాస్తు అని చెప్పింది. తనకు వాస్తు మీద నమ్మకం లేదు.

ఆమెకు డెబ్భై తొమ్మిదేళ్లు. తాడేపల్లిగూడెంలో మూతపడిన ఒక రైసుమిల్లు వెనక రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. మిల్లు ఆగి పదేళ్లయినా గోడల్లోంచి ఊక వాసన పోలేదు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై అయిదేళ్లు బళ్లో పాఠం చెప్పింది. అందులో మొదటి ఆరేళ్లు కొల్లేటిలోని ఒక లంకలో. అక్కడ ఉన్నప్పుడే పిల్లల కోసం ఆరు పుస్తకాలు రాసింది.

ఆ రోజుల్లో పిల్లల పుస్తకమంటే రాజు, మంత్రి, నక్క. ఆమె పుస్తకాల్లో అవి లేవు. వేరే దేశంలో తొమ్మిదేళ్ల పిల్ల పొద్దున్నే లేచి ఏం తింటుంది, బడికి ఏ దారిన పోతుంది, వాళ్లమ్మ గిన్నెలు దేంతో తోముతుంది, ఇవి ఉండేవి. ఒక్కో పుస్తకం ముప్పై రెండు పేజీలు. ఒక్కో దేశం ముప్పై రెండు పేజీలు. ఏలూరులో ఒక చిన్న ప్రెస్సులో అయిదువందల ప్రతులు వేయించి బళ్లకు పంచేది. ఇటువంటి పుస్తకాలు ఈ ప్రాంతంలో ఇంతకుముందు చూడలేదని ఇన్‌స్పెక్టరు ఒకాయన బడి రిజిస్టరులో రాసి వెళ్లాడు. అంతకు మించి పేరేమీ రాలేదు.

ఆమె ఏ దేశమూ చూడలేదు. ఆమె వెళ్లిన దూరమల్లా విశాఖపట్నం రేవు, అదీ ఒక్కసారి, అన్నయ్య జగ్గారావును ఓడ ఎక్కించడానికి.

జగ్గారావు సరుకుల ఓడలో వంటవాడు. ఊళ్లో ఉన్నప్పుడు కూడా తిన్న కంచం తనే కడిగేవాడు. కడిగి, తడి చుక్క లేకుండా పంచె చెంగుతో తుడిచి, గూట్లో పెట్టేవాడు. మగపిల్లాడివి నీకెందుకురా అని తల్లి తిట్టినా మానలేదు. ఓడ ఆగిన ప్రతి రేవు నుంచీ చెల్లెలికి బొమ్మ కార్డు వేసేవాడు. ముందు వైపు ఊరు ఉండేది. వెనక వైపు ఆ ఊరి వంటిళ్లు ఉండేవి. ఏం తింటున్నారు, ఉప్పు దేంట్లో పోసుకుంటారు, చలికి నీళ్లు ఎలా కాచుకుంటారు. ఆయనకు మిగతావేవీ కనబడేవి కావు.

ఆ కార్డులతో ఆమె పుస్తకాలు అల్లేది. కార్డు చాలనిచోట పిల్లల్ని అడిగేది. "మన కొల్లేరు ఒక రాత్రి రాయిలా గట్టిపడిపోయిందనుకోండి. పొద్దున్నే లేచి మీరేం చేస్తారు?" అయిదో తరగతిలో గంగమ్మ అనే పిల్ల లేచి, "దోనెకి సక్రాలు కట్టుకుంటామండీ," అంది. ఆ మాట ఫిన్లాండు పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది. అక్కడ దాన్ని ఒక పసుపుపచ్చ జుట్టు పిల్లవాడు అంటాడు.

ఫిన్లాండుది మూడో పుస్తకం. పేరు 'వేయి సరస్సుల పిల్లలు'. 1969లో వేశారు. అచ్చుకు వెళ్లాక ఏలూరు ప్రెస్సు నుంచి కబురు వచ్చింది. ఆమె వెళ్లేసరికి కంపోజిటరు బాపిరాజు చేతులు సిరాతో నల్లగా ఉన్నాయి.

"ఒక పేజీ తెల్లగా మిగిలిందండీ. ముప్పై ఒకటికి అయిపోయింది మీ దేశం."

"అలాగే వదిలేయండి."

"వదిలేస్తే ప్రెస్సు వాడు ఎగ్గొట్టాడంటారండీ. ప్రకటన వేద్దామంటే ఎవరూ ఇవ్వట్లేదు. పళ్లపొడి ఆయన కూడా వద్దన్నాడు. ఏదన్నా రాసివ్వండి."

"ఏం రాయను?"

"ఆ దేశంలో వాళ్లు ఇంకేం చేస్తారో రాయండి. ఎవడు చూడొచ్చాడండీ?"

ఆమె కాగితం బేళ్ల మీద కూర్చుంది. పావుగంటలో రాసి ఇచ్చింది.

"ఆ దేశంలో సరస్సు మీదికి వెళ్లి తిరిగి రానివాళ్లు ఉంటారు. అవతలి ఒడ్డు కనబడకుండా పోయిన మొదటి రోజు సాయంత్రం, ఇంటివాళ్లు ఆ మనిషి కంచం గుమ్మం బయట బోర్లిస్తారు. కింద ఒక ముద్ద ఉంచుతారు. పైన సరస్సులో దొరికిన రాయి పెడతారు. పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. తెల్లవారి చూస్తే కంచం వెల్లకిలా ఉందంటే ఆ మనిషి వచ్చి తిని వెళ్లినట్టు. ఇక అతని కోసం చూడనక్కర్లేదు. బోర్లా ఉందంటే ఇంకా రానట్టు. మళ్లీ ఏడు మళ్లీ పెడతారు."

బాపిరాజు ఒక్కో అక్షరం ఏరి పేర్చాడు. పేజీకి సరిగ్గా సరిపోయింది. ఇంకొక్క వాక్యం కూడా పట్టదు.

"ఇది నిజంగా వాళ్ల ఆచారమేనాండీ?" అన్నాడు.

"ఆఁ."

"కాదు, పేరుస్తుంటే వేళ్లు చల్లబడ్డాయి. అందుకని అడిగాను."

మూడేళ్ల తరువాత ఓడ కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. జగ్గారావు ఒక రేవులో ఓడ దిగి ఊళ్లోకి వెళ్లాడు. ఓడ బయలుదేరే వేళకు తిరిగి రాలేదు. వెతికించాం, ఆచూకీ లేదు. ఆయన పెట్టె పంపిస్తున్నాం. కవరులో ఉన్నది అంతే. పెట్టె కూడా వచ్చింది. అందులో రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, తుడిచి పెట్టిన ఒక కంచం.

ఆ రేవు ఫిన్లాండులోది.

ఆ తరువాత రత్నమాణిక్యం పుస్తకం రాయలేదు. బదిలీ పెట్టించుకుని లంక వదిలేసింది. ఎప్పటి నుంచో ఆమెకే తెలియదు, బోర్లించిన కంచం దగ్గర చేయి ఆగడం మొదలైంది. తన అన్నయ్య కోసం మాత్రం ఆమె ఎన్నడూ కంచం పెట్టలేదు. ఆ మాట రాసింది ఎవరో ఆమెకు తెలుసు.

పోయిన మార్గశిరంలో ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతె వాటా వెతుక్కుంటూ వచ్చింది. పేరు జ్యోతి. తాడేపల్లిగూడెంలోనే చదువుకుంటోంది. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. కవరులో పాత పుస్తకం ఉంది. అట్ట లేదు. అంచులు చేపల పులుసు రంగులో ఉన్నాయి.

"ఇది రాసింది మీరేనాండీ?"

రత్నమాణిక్యం దాన్ని ముట్టుకోలేదు. "నీకెక్కడిది?"

"మా అమ్మమ్మదండీ. గంగమ్మ. మీ దగ్గర అయిదో తరగతి చదివిందంట."

"దోనెకి చక్రాలు," అంది రత్నమాణిక్యం.

"ఆయ్. ఇప్పటికీ చెప్పుకుంటాదండీ ఆ మాట." జ్యోతి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. "మా తాత పేరు సత్తిరాజండీ. ఎనభై నాలుగులో, మంచు పట్టిన రోజు పొద్దున్నే దోనేసుకుని వెళ్లాడంట. దోనె దొరికింది. తాత దొరకలేదు. ఆ యేటి నుంచి అమ్మమ్మ కంచం పెడతాదండీ. మంచుకి అవతలి గట్టు కనబడని మొదటి రోజు. కొల్లేట్లో రాళ్లుండవు కదండీ, వల అంచుకి కట్టే మట్టిగుండు పెడతాది. ఇప్పటికి నలభై కంచాలు. ఒక్కసారి కూడా తిరగలేదు."

రత్నమాణిక్యం లేచి లైటు వేసింది.

"ఇప్పుడు మా లంకలో ఏడిళ్లలో పెడతారండీ. ఇది మన పాత ఆచారమే అనుకుంటారు అందరూ. మా కాలేజీ మాస్టారు ఒకాయన వచ్చి ఫొటోలు తీసుకున్నారు. వెయ్యేళ్ల నుంచి ఉందన్నారండీ."

"నీకేం కావాలమ్మా?"

"కంచం పెట్టిన రాత్రల్లా అమ్మమ్మ అరుగు మీదే కూర్చుంటాదండీ. వస్తే చూడాలని. పోయినేడు అలా కూర్చుని నిమ్ము చేసింది. పద్దెనిమిది రోజులు ఏలూరు ఆసుపత్రిలో ఉంది. ఇంకొక్క రాత్రి ఆ మంచులో కూర్చుంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు. ఎంత చెప్పినా వినదండీ. ఎన్నేళ్లు పెట్టాలో పుస్తకంలో లేదంటాది. రాసినావిడని అడిగి రా, ఆవిడ ఆపమంటే ఆపుతానంటాది."

జ్యోతి పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించింది. ముప్పై రెండో పేజీ వేలిముద్రలతో నల్లబడి ఉంది.

"ఒక్క మాట చెప్పండీ. అబద్ధమైనా సరే."

"అబద్ధమే అదంతా," అంది రత్నమాణిక్యం. "నిజం చెబుతాను. శనివారం వస్తాను."

శనివారం తెల్లవారేసరికి మంచు పట్టింది. ఉంగుటూరు దాటాక బస్సు లైట్లు వేసుకుని నడిచింది. కిటికీలోంచి చేలు లేవు, కాలవ లేదు. కాలవ గట్టు మీద నడుస్తున్న మనుషులు నడుము నుంచి పైకే ఉన్నారు.

"ఈ యేటికి ఇదే మొదటిదండీ," అంది జ్యోతి. "ఇవాళే పెడతాది."

ఏలూరులో దిగి ఆటో ఎక్కారు. ఒకప్పుడు లంకకు దోనె మీద మూడు గంటలు పట్టేది. ఇప్పుడు చేపల చెరువుల మధ్య గట్టు మీదుగా ముప్పావుగంట. మంచు తేలేసరికి పదకొండయింది. తేలాక చూస్తే ఆమె పనిచేసిన బడి లేదు. బడి ఉన్నచోట చెరువు ఉంది. చెరువులో చేపలకు గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి. నీళ్లు తమలో తాము ఏదో గొణుక్కుంటున్నట్టు ఉంది.

గంగమ్మ వాకిట్లో కూర్చుని చేపలు బాగు చేస్తోంది. అరవై ఆరేళ్లు. ఎండిన ఒళ్లు. నుదుట పెద్ద బొట్టు, కాళ్లకు మెట్టెలు. టీచరును చూసి లేవబోయింది. దగ్గు వచ్చి మళ్లీ కూర్చుంది.

"రండి టీచరు గారండీ. మీరు ముసలైపోతారనుకోలేదండీ నేను."

"నువ్వు అయిదో తరగతిలోనే ఆగిపోయావా ఏంటి?"

"నేనక్కడే ఆగాను. ఒళ్లే పైకెళ్లింది," అని గంగమ్మ నవ్వింది.

రత్నమాణిక్యం అరుగు మీద కూర్చుంది. దారంతా అనుకుంటూ వచ్చిన మాటను అలాగే చెప్పింది.

"గంగమ్మా, ఆ కంచం సంగతి నేను కల్పించాను. ఆ దేశంలో అటువంటి ఆచారం లేదు. ప్రెస్సులో ఒక పేజీ మిగిలితే కూర్చుని రాశాను. పావుగంట పట్టింది."

గంగమ్మ పొలుసు తీయడం ఆపలేదు.

"సెరువు గట్టిపడతాదనీ, దాని మీద బళ్లు తిరుగుతాయనీ రాశారు గదండీ. అదీ కల్పించిందేనా?"

"కాదు. అది నిజం."

"మీరు సూశారా?"

"లేదు. మా అన్నయ్య చూసి రాశాడు."

"దోనెకి సక్రాలు?"

"అది నువ్వు చెప్పింది."

"అయితే పుస్తకంలో కొంత మీ అన్నగారిది, కొంత నాది. ఆ ఒక్క పేజీ ఎవరు సెప్పారండీ మీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే వచ్చింది."

"ఊరికే ఏదొత్తాదండీ?" గంగమ్మ చేపను గిన్నెలో వేసి ఇంకోటి తీసుకుంది. "మీ అన్నగారు ఏరండీ ఇప్పుడు?"

"తెలియదు. ఓడ దిగి వెళ్లాడు. తిరిగి రాలేదు."

గంగమ్మ చేయి అప్పుడు ఆగింది.

"ఎప్పుడండీ?"

"ఆ పుస్తకం వచ్చిన మూడేళ్లకి."

"కంచం పెట్టారా?"

"లేదు."

"ఏం?"

"అబద్ధమని నాకు తెలుసు కాబట్టి."

గంగమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. జ్యోతి వచ్చి వీపు రాసింది. దగ్గు తగ్గాక గంగమ్మ కళ్లు తుడుచుకుని అంది: "ఒక్కసారీ పెట్టకుండానే అబద్ధమని మీకెలా తెల్సిందండీ? నేను నలభై సార్లు పెట్టాను. నాకింకా తెలీలేదు."

సాయంత్రం మళ్లీ మంచు దిగడం మొదలైంది. ముందు చెరువుల మీద, తరువాత గట్ల మీద. రత్నమాణిక్యం వీధిలోకి వెళ్లింది. ఆరు గుమ్మాల ముందు ఆరు కంచాలు బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో మట్టిగుండు. ఇళ్లలోంచి పేర్లు వినబడుతున్నాయి. ఎవరూ గట్టిగా పిలవడం లేదు. అన్నానికి పిలిచినట్టు పిలుస్తున్నారు. మూడుసార్లు పిలిచి ఆగిపోతున్నారు. ఆమె చేయి మొదటి కంచం దగ్గర ఆగింది. వంగింది. ముట్టుకోలేకపోయింది. యాభై ఏళ్లలో అది మొదటిసారి.

తిరిగి వచ్చేసరికి గంగమ్మ కూడా పెట్టింది. సత్తు కంచం, ఒకవైపు సొట్ట. సత్తిరాజును పిలవడం అయిపోయింది. గంగమ్మ దుప్పటి, గోనెపట్టా తెచ్చి అరుగు మీద పరుచుకుంటోంది. జ్యోతి గుమ్మంలో నిలబడి టీచరు వైపు చూసింది.

రత్నమాణిక్యం అన్నది: "గంగమ్మా, ఆ పేజీలో రాయని మాట ఒకటి ఉంది."

"ఏంటండీ?"

"పెట్టినవాళ్లు మేలుకుని ఉండకూడదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని పడుకోవాలి. చూస్తున్నంతసేపూ వాళ్లు రారు."

గంగమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఇదీ ఊరికే వచ్చిందాండీ?"

"కాదు. ఇది అప్పుడే ఉంది. పేజీలో చోటు చాలలేదు."

అది అబద్ధం. కానీ చోటు చాలలేదన్న మాట నిజం. గంగమ్మ గోనెపట్టా మడిచింది. లోపలికి వెళ్లింది.

గంగమ్మ మళ్లీ బయటికి వెళ్తుందేమోనని రత్నమాణిక్యం తలుపుకు గడియ పెట్టి, జ్యోతి సాయంతో తన మంచం దానికి అడ్డంగా లాగి పడుకుంది. ఆ ఇంటికి అదొక్కటే తలుపు. గంగమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. జ్యోతి ఆమె పక్కన. ముగ్గురూ తెల్లారేదాకా నిద్రపోయారు.

ముందు లేచింది గంగమ్మ. మంచం జరపమని టీచరును లేపింది. తలుపు తీశారు.

కంచం వెల్లకిలా ఉంది.

బోర్లించినచోట ఉంది. మట్టిగుండు దాని పక్కన ఉంది. దొర్లి పడినట్టు లేదు, పెట్టినట్టు ఉంది. ముద్ద లేదు. మంచుకు అరుగంతా తడిసి ఉంది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. గుమ్మం తడి. గుండు తడి. కంచం మాత్రం పొడిగా ఉంది. మెతుకు అంటలేదు. ఎవరో కడిగి, తుడిచి పెట్టినట్టు ఉంది.

గంగమ్మ ఏడవలేదు. కంచాన్ని రెండు చేతులతో తీసి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"వచ్చాడు," అంది. "అయితే నలభై ఏళ్లూ అడ్డం కూకున్నది నేనేనన్న మాట."

"అలా కాదు గంగమ్మా," అంది రత్నమాణిక్యం. రాత్రి మాట అబద్ధమని చెబితే ఈ కంచం ఎలా తిరిగిందన్న ప్రశ్న మిగులుతుంది. చెప్పకపోతే అడ్డం కూర్చున్న ఈ నలభై ఏళ్లు గంగమ్మకు మిగులుతాయి.

గంగమ్మ కంచాన్ని వేలితో తడిమి చూసింది. చిన్నగా నవ్వింది.

"ఉన్నన్నాళ్లూ ఒక్కనాడు తిన్న కంచం తీసినోడు కాదండీ. అక్కడే చెయ్యి కడిగేసి లేచిపోయేవోడు. నీళ్లలోకి పోయాక బుద్ధొచ్చింది. ఎంత బాగా తుడిచాడో సూడండి."

రత్నమాణిక్యం కంచం వైపు చూసింది. అంచు వెంట వేలు పెట్టి చూసింది. తడి చుక్క లేదు.

గంగమ్మ లోపలికి వెళ్లి బట్టలు మూట కట్టుకోవడం మొదలెట్టింది. ఏలూరులో కూతురింటికి వెళ్లిపోతానంది. ఇక ఇక్కడ తనకు పని లేదంది. జ్యోతి బావి దగ్గర టీచరును కలిసింది. ముఖం వెలిగిపోతోంది.

"చాలా థాంక్సండీ టీచరు గారూ."

"దేనికి?"

"కంచానికండీ. ఎప్పుడు లేచారో నాకు తెలీనే లేదు."

"నేను నువ్వనుకున్నాను."

జ్యోతి నవ్వబోయి ఆగింది. "నేనెలా వస్తానండీ? మీ మంచం తలుపుకి అడ్డం ఉంది కదా. జరపాలంటే మిమ్మల్ని లేపాలి." తరువాత మెల్లగా అంది: "మీకు కంచాలు తిప్పే అలవాటుందని వాటాలో వాళ్లు చెప్పారండీ. నిద్రలో గాని..."

"మంచం నువ్వూ నేనూ కలిసి లాగాం. గుర్తుందా? నా ఒక్కదాని వల్ల కాలేదు."

వీధిలో మిగతా ఆరు కంచాలూ బోర్లా ఉన్నాయి. మేలుకుని ఉండకూడదట అన్న మాట అప్పటికే ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పోతోంది. ఎవరు చెప్పారని ఒకామె అడిగింది. ఎవరు చెప్పేదేంటి, ముందు నుంచీ ఉన్నదే అని ఇంకొకామె అంది.

రత్నమాణిక్యం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సత్తిరాజును ఆమె ఎరగదు. తిన్న కంచం కడిగి తడి చుక్క లేకుండా తుడిచే మగమనిషి ఆమెకు తెలిసినవాడు ఒక్కడే. ఆయన కోసం ఎవరూ కంచం పెట్టలేదు. యాభై రెండేళ్లుగా ఆయన పేరు ఎవరూ పిలవలేదు. పిలవనివాడు ఎక్కడికి వెళ్లాలి? చెల్లెలు ఎక్కడ పడుకుని ఉందో అక్కడికి వెళ్లి, ఎవరి కంచమో ఒకటి తీసుకుని తిని ఉండవచ్చు. అలా అయితే గంగమ్మ మొగుడు ఇంకా రాలేదు. మూట కట్టుకుని వెళ్లిపోయింది గంగమ్మ.

బస్సు భీమడోలు దాటేసరికి ఈ ఒక్కదానికీ జవాబు తానే తెలుసుకోవాలని ఆమెకు అర్థమైంది. తెలుసుకునే దారి కూడా ఒక్కటే ఉంది. అది తాను వేసిందే.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో కూడా మంచు దిగింది. వాటా గుమ్మం నుంచి మిల్లు గోడ కనబడలేదు. ఆమె మంచం కింది నుంచి ఓడ పెట్టె లాగింది. కంచం తీసింది. ఒక ముద్ద పెట్టి గుమ్మం బయట బోర్లించింది. అది బోర్లించడానికి చేయి మొరాయించింది. రెండో చేయి సాయం తెచ్చుకుంది. రాయి కోసం వెతికి, పచ్చడి నూరే పొత్రం తెచ్చి పైన పెట్టింది.

"జగ్గన్నయ్యా," అని పిలిచింది. ఇంకా రెండుసార్లు పిలిచింది.

ఉషశ్రీ మేడ మీద నుంచి తొంగి చూసింది. "ఏవండీ టీచరు గారూ, ఎవరినండీ పిలుస్తున్నారు? ఎవరన్నా వస్తున్నారా?"

"తెలీదమ్మా. రేపు చెబుతాను."

లోపలికి వెళ్లి గడియ పెట్టింది. తను రాసిన మాటకు కట్టుబడి పడుకుంది.

మర్నాడు ఉదయం లేచాక ఆమె తలుపు తీయలేదు. పొయ్యి వెలిగించింది. బియ్యం డబ్బా తీసి రోజూ కొలిచేటట్టు ఒక గ్లాసు కొలిచింది. ఆగి, ఇంకో గ్లాసు కొలిచింది. రెండు నీళ్లు పోసి కడిగి, ఎసట్లో వేసింది. అన్నం ఉడికి గంజి వార్చేదాకా పొయ్యి దగ్గరే కూర్చుంది. గిన్నె దించి మూత పెట్టి, చేతులు తుడుచుకుని, వెళ్లి గడియ తీసింది.